తుఫాను వాతావరణంలో సుదూర సైకిల్ యాత్ర: ఆఖరి మూడు రోజులు దాటడం ఎలా

సుదూర యాత్రలో మొదటి రోజు గాలివాన వస్తే ఎవరైనా ఆగిపోతారు. ఆఖరి రోజు వస్తే మాత్రం ఎవరూ ఆగరు. చిక్కంతా ఇక్కడే ఉంది.

పది పన్నెండు రోజులుగా తొక్కుతున్న మనిషి సంగతి చూడండి. కాళ్లు బరువెక్కి ఉంటాయి, నిద్ర బాకీ పడి ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయి, చెయిన్ సాగి ఉంటుంది, వెనక టైరు మధ్యలో చదునైపోయి ఉంటుంది. పొడి బట్టలు ఒక జత మిగిలితే గొప్ప. తిరుగు ప్రయాణం టికెట్ మాత్రం ఫలానా తేదీకి ఖాయమై కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడు ఆకాశం నల్లబడుతుంది. "ఇంకో 60 కిలోమీటర్లే కదా" అని మనసు లాగుతుంది. నేనూ ఒకసారి అలాగే లాగించాను. యాత్ర పూర్తయింది కానీ, ఆఖరి 20 కిలోమీటర్లలో ఏ ఊళ్లు దాటానో ఇప్పటికీ గుర్తులేదు. చలికి బుర్ర మొద్దుబారిపోయిందని తర్వాత అర్థమైంది. ఆ రోజు బయటపడ్డది అదృష్టం వల్లే, నేర్పు వల్ల కాదు.

అందుకే ఇది మొత్తం యాత్ర గురించి కాదు. ఇంకా మూడు రోజుల దూరం ఉంది, ముందు గాలివాన సూచన ఉంది, అప్పుడేం చేయాలన్నదే ఇక్కడి విషయం. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇళ్లలోంచి బయటికి రావొద్దని అధికారులు హెచ్చరించిన పెనుతుఫానుకు ఇందులో ఏ చిట్కా లేదు. ఆ రోజు తొక్కకూడదు, అంతే.

1. ముందు తేదీని వదులు చేసుకోండి

టైర్ల కంటే, బ్రేకుల కంటే ముందు సరిచేయాల్సింది క్యాలెండర్. టికెట్ మార్చుకోవడానికి ఎంత ఖర్చవుతుందో, ఎప్పటిలోగా మార్చుకోవాలో మూడు రోజుల ముందే చూసుకోండి. ఇంటివాళ్లకు, ఆఫీసుకు "ఒకటి రెండు రోజులు అటూఇటూ కావచ్చు" అని ఇప్పుడే చెప్పేయండి. వానలో తడుస్తూ తీసుకునే నిర్ణయాల్లో సగం ఈ టెన్షన్ వల్లే తప్పుతాయి. తేదీ వదులైతే ఆగడం ఓటమిలా అనిపించదు.

తర్వాత మిగిలిన దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో లెక్కేయండి. గాలి నిరోధం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది. గాలి లేని రోజున చదును రోడ్డు మీద సామానుతో గంటకు 20 కి.మీ. వెళ్తున్నారనుకుందాం. అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే, అదే శ్రమకు మీ వేగం దాదాపు సగానికి, 11 కి.మీ. దగ్గరికి పడిపోతుంది. అంటే నాలుగు గంటల 80 కిలోమీటర్లు ఏడు గంటలు దాటుతాయి. దీనికి వానలో పంక్చర్లు, బట్టలు మార్చుకోవడం, పిడుగుల కోసం ఆగడం కలపండి. పగటి వెలుగులో పట్టకపోతే ఆ రోజు దూరం తగ్గించాల్సిందే. చీకట్లో పూర్తి చేద్దామనే ఆలోచనను ఇప్పుడే పక్కన పెట్టండి.

మూడు రోజులకు 240 కి.మీ. ఉంటే రోజుకు 80 అని సమానంగా పంచకండి. గాలి తక్కువున్న రోజు 110 తొక్కండి, తుఫాను దాటే రోజు 30 తొక్కండి, లేదా అసలు తొక్కకండి.

2. ఆకాశాన్ని చదవండి

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఇప్పుడు వాన రాకడ చాలావరకు తెలుస్తోంది. తెలిసినదాన్ని సరిగ్గా చదవడమే రావాలి.

వాతావరణ సూచనలో చాలామంది వాన శాతం చూసి ఊరుకుంటారు. సైకిల్ తొక్కేవాడికి అది మూడో విషయం. మొదట చూడాల్సింది గాలి ఉధృతి, అంటే సగటు వేగం కాక మధ్యలో విసురుగా వచ్చే తెరల వేగం. సగటు 30 ఉండి విసురు 60 ఉంటే, మిమ్మల్ని పడేసేది ఆ 60. రెండోది గాలి దిశ. మ్యాపు ముందు పెట్టుకుని, ఏ గంటకు గాలి ఎటునుంచి వస్తుందో మీ దారి మీద బాణం గుర్తులు వేసుకోండి. దారి మలుపు తిరిగిన చోట ఎదురుగాలి పక్కగాలి అవుతుంది. ఎదురుగాలి మిమ్మల్ని అలిసిపోయేలా చేస్తుంది, పక్కగాలి పడేస్తుంది. ఈ తేడా దృష్టిలో ఉంటే కొన్నిసార్లు 15 కిలోమీటర్లు చుట్టు తిరిగే దారే మంచిదనిపిస్తుంది.

సూచనలో చెప్పే వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండే గాలిది. చెట్ల మధ్య అంత ఉండదు, ఖాళీ మైదానంలో, వంతెన మీద దాదాపు అంతే ఉంటుంది. రోడ్డు మీద ఉన్నప్పుడు కళ్లతోనే కొలుచుకోవచ్చు. బ్రిటిష్ నౌకాదళ అధికారి బ్యూఫోర్ట్ 1805లో తయారుచేసిన కొలమానం, తర్వాతి కాలంలో నేల మీది గుర్తులు కూడా చేర్చుకుని, ఇందుకు బాగా పనికొస్తుంది. ఆకులున్న చిన్న చెట్లు ఊగడం మొదలుపెడితే అది 5వ స్థాయి, గంటకు 29 నుంచి 38 కి.మీ. పెద్ద కొమ్మలు ఊగుతూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 6, అంటే 39 నుంచి 49. చెట్లు మొత్తంగా ఊగుతూ, గాలికి ఎదురు నడవడం ఇబ్బందైతే 7, అది 50 నుంచి 61. చిన్న కొమ్మలు విరిగి రాలుతుంటే 8. నా లెక్క ఇది: 5లో జాగ్రత్తగా తొక్కుతాను, 6లో దూరం తగ్గించుకుంటాను, 7లో ఆగిపోతాను. బరువు తక్కువున్నవాళ్లు, సామాను ఎక్కువున్నవాళ్లు ఒక మెట్టు ముందే ఆగాలి.

సిగ్నల్ లేని చోట పనికొచ్చే చిట్కా ఒకటి ఉంది. గాలి పీడనంతో ఎత్తు కొలిచే జీపీఎస్ మీటరో, గడియారమో మీ దగ్గర ఉంటే, పడుకునే ముందు అది చూపించే ఎత్తు రాసిపెట్టుకోండి. పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే అది మీరు సుమారు 8 మీటర్లు పైకి ఎక్కినట్టు చూపిస్తుంది. మీరు కదలకుండానే మూడు గంటల్లో 25 మీటర్లు "ఎక్కితే" పీడనం గట్టిగానే పడిపోతోందన్నమాట. పొద్దున లేచేసరికి మీ టెంటు కొండెక్కి కూర్చుంటే, ఆ రోజు ప్రణాళిక మార్చుకోండి.

ఉక్కపోతగా ఉన్న మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగి, వెంటనే మరో దిక్కునుంచి చల్లటి విసురు తగిలితే, ఉరుముల మేఘం కింద చల్లబడ్డ గాలి ముందుగా మిమ్మల్ని చేరిందని అర్థం. వాన దాని వెనకే వస్తోంది. ఎక్కువ టైం ఉండదు, ఆగే చోటు వెతకండి. ఇలాంటి మేఘాలు నేల మీద ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే ముదురుతాయి కాబట్టి, తెల్లవారకముందే లేచి, వెలుగు రాగానే బయల్దేరి, మధ్యాహ్నానికి ఆ రోజు పని ముగించుకోవడం ఉత్తమం.

3. సైకిల్: బ్రేకులకే మొదటి పీట

మిగతావన్నీ ఒక ఎత్తు, బ్రేకులు ఒక ఎత్తు. పొడి రోడ్డు మీద నెలలపాటు నడిచే ప్యాడ్లు, ఇసుక కలిసిన వాన నీటిలో, దిగుడు దారుల్లో ఒకే రోజులో అరిగిపోవచ్చు. డిస్క్ బ్రేకులైతే ప్యాడు తీసి వెలుతురులో చూడండి. రాపిడి పదార్థం 1 మి.మీ. కంటే తక్కువ మిగిలితే మార్చేయండి. రెసిన్ ప్యాడ్ల కంటే లోహపు పొడితో చేసినవి తడిలో ఎక్కువ కాలం వస్తాయి, కాస్త శబ్దం చేస్తాయి. మీ డిస్కు వాటికి సరిపడేదో కాదో మాత్రం చూసుకోండి, కొన్ని డిస్కుల మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని రాసి ఉంటుంది. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి దాదాపు ఆగేదాకా, ఇరవై సార్లు నింపాదిగా బ్రేకు వేసి వాటిని డిస్కుకు అలవాటు చేయాలి. కాబట్టి ప్యాడ్లు మార్చాల్సింది తుఫాను ముందు రోజు సాయంత్రం, తుఫాను రోజు పొద్దున కాదు.

రిమ్ బ్రేకులైతే, అంటే చక్రం అంచునే పట్టి ఆపేవైతే, ప్యాడుల్లో గుచ్చుకున్న ఇసుక రేణువులు, అల్యూమినియం ముక్కలు కత్తిమొనతో ఏరేయండి. రిమ్ము తుడవండి. లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వస్తోందా? కేబుల్ బిగించండి.

టైర్ల విషయంలో ఒక అపోహ ఉంది. కార్లలా సైకిల్ కూడా నీటి పొర మీద తేలి జారిపోతుందని భయపడి, లోతైన గీతల టైర్లు వెతుకుతారు. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, గాలి గట్టిగా ఉంటుంది. మనం తొక్కే వేగాల్లో అది నీటి మీద తేలడం జరగదు. జారేది నున్నటి వాటి మీద: రోడ్డుకు వేసిన తెల్ల గీతలు, ఇనుప మూతలు, పట్టాలు, తడి ఆకులు, నూనె. అక్కడ గీతలున్న టైరు కూడా జారుతుంది. అసలు ప్రమాదం పంక్చర్లతో ఉంది. నీళ్లు రబ్బరును కోయడం సులువు చేస్తాయి. పొడి రోజున పక్కకు ఎగిరిపోయే గాజు పెంకు, వాన రోజున టైరుకు అంటుకుని లోపలికి దిగుతుంది. రోజూ సాయంత్రం టైరు చుట్టూ చూసి, దిగబడ్డ పెంకుల్ని పిన్నుతో తీసేయండి. తడి ట్యూబుకు ప్యాచ్ అతకదు, కాబట్టి రెండు కొత్త ట్యూబులు అందుబాటులో ఉండాలి. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. నేను పదో వంతు తగ్గిస్తాను. వెనక చక్రం మీద సామాను బరువు ఎక్కువుంటే మాత్రం తగ్గించను, గుంతలో రిమ్ముకు నలిగి ట్యూబు చిట్లుతుంది.

చెయిన్‌కు తడి వాతావరణం కోసం చేసిన చిక్కటి నూనె వేసి, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయండి. లైట్లు పగలే వెలగాలి, ముందూ వెనకా. మడ్‌గార్డులు ఉంటే వదులుగా ఉన్నాయేమో చూడండి.

సామాను కిందికి దించండి. క్యారియర్ మీద అడ్డంగా కట్టిన టెంటు పక్కగాలికి తెరచాపలా పనిచేస్తుంది. దాన్ని నిలువుగా, పక్క సంచుల మధ్యకు మార్చండి. వేలాడే పట్టీలు, ఆరేసిన సాక్సులు ఏవీ బయట ఉండకూడదు. గాలికి ఎగిరిన పట్టీ చక్రంలో పడితే ఏమవుతుందో ఒక్కసారి అనుభవిస్తే చాలు.

4. బట్టలు: తడిసిపోవడానికి సిద్ధపడండి

రోజంతా వానలో తొక్కితే ఏ జాకెట్టూ మిమ్మల్ని పొడిగా ఉంచదు. వాన లోపలికి రాకపోతే చెమట బయటికి పోదు, ఎలాగైనా తడుస్తారు. జాకెట్టు అసలు పని గాలిని ఆపి, ఒంటి మీది తడిని వెచ్చగా ఉంచడం. ఈ సంగతి ఒప్పుకుంటే మిగతా ఎంపికలు తేలికవుతాయి. లోపల నూలు బట్టలు వద్దు, అవి తడిని పట్టుకుని ఒంటిని చల్లబరుస్తాయి. పల్చటి ఉన్ని, లేదా త్వరగా ఆరే సింథటిక్ బట్ట మేలు. పాంచో లాంటి వదులు వానకోటు గాలిలో వద్దే వద్దు, సైకిల్‌తో సహా మిమ్మల్ని పక్కకు లాక్కుపోతుంది.

హెల్మెట్ కింద ముందు అంచున్న చిన్న టోపీ పెట్టుకుంటే చినుకులు కళ్లల్లో పడవు. చేతులకు పల్చటి ఉన్ని గ్లౌజులు, వాటి మీద గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లౌజులు. చూడటానికి నవ్వొస్తుంది, ఖరీదైన చాలా గ్లౌజుల కంటే బాగా పనిచేస్తాయి. సాక్సు మీద ప్లాస్టిక్ సంచి వేసి ఆ పైన బూటు తొడిగితే పాదాలకు గాలి తగలదు.

ఇక ఒక కఠిన నియమం. ఒక జత పొడి బట్టలు, పడుకునే సంచి రెండు పొరల ప్లాస్టిక్‌లో మూటగట్టి ఉండాలి. అవి సైకిల్ మీద ఉండగా ఒంటి మీదికి రాకూడదు. రాత్రి వేసుకుని పడుకుంటారు, పొద్దున విప్పి మళ్లీ నిన్నటి తడి బట్టలే తొడుక్కుంటారు. ఆ మొదటి అయిదు నిమిషాలు నరకమే. కానీ పొడి జత వేసుకుని బయల్దేరితే గంటలో మీ దగ్గర రెండు తడి జతలు ఉంటాయి, రాత్రికి ఏమీ ఉండదు.

ఫోను గురించి కూడా ఒక మాట. తడి తెర, తడి వేళ్లు కలిస్తే ఫోను మాట వినదు. ముఖ్యమైన మలుపులు, ఆగే చోట్లు, అత్యవసర నంబర్లు కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. చార్జింగ్ రంధ్రంలో నీళ్లుంటే ఆరేదాకా వైరు పెట్టకండి.

5. ఆగే చోట్ల గొలుసు కట్టుకోండి

ముందు రోజు రాత్రి మ్యాపు మీద ప్రతి 10, 15 కిలోమీటర్లకు ఒక ఆశ్రయం గుర్తించండి. గోడలు, తలుపులు ఉన్న భవనం కావాలి: బడి, ప్రార్థనా మందిరం, రైల్వే స్టేషన్, పెట్రోల్ బంకు ఆఫీసు, హోటల్ లాంటివి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లడమే ఆ రోజు యాత్ర. గమ్యం గురించి ఆలోచించకండి. ఒక్కో ఆశ్రయం దగ్గర ఆగి, తర్వాతి గంట గాలి ఎలా ఉందో చూసి, అక్కడిదాకా వెళ్లగలనా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పుకోండి. రెండు ఆశ్రయాల మధ్య 30 కిలోమీటర్ల ఖాళీ మైదానమో, కనుమ దారో ఉంటే, ఆ రోజు అసలు నిర్ణయం అక్కడే. దాని ముందరి ఆశ్రయాన్ని ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి.

గడియారం షరతు కూడా ముందే రాసుకోండి. "12 గంటలకు సగం దూరం రాకపోతే తర్వాతి ఊళ్లో ఆగిపోతాను" లాంటిది. పొడి గదిలో, కడుపు నిండా తిని రాసుకున్న షరతు, వానలో వణుకుతున్న మనిషి తీర్పు కంటే నమ్మదగ్గది. దారి, షరతు రెండూ ఇంట్లో ఒకరికి పంపండి. ఫలానా టైంకి కబురు రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పండి.

6. రోడ్డు మీద

వాన మొదలైన తొలి పావుగంట రోడ్డు అన్నిటికంటే ఎక్కువగా జారుతుంది. రోజుల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము తడిసి పైకి తేలతాయి. తర్వాత కొట్టుకుపోతాయి. ఆ పావుగంట ఎక్కడైనా నిలబడి ఏదైనా తినండి.

తడి రిమ్ము మీద బ్రేకు నొక్కగానే పట్టదు. చక్రం కొన్ని చుట్లు తిరిగి నీళ్లు తుడుచుకున్నాక ఒక్కసారిగా పడుతుంది. కంగారుపడి గట్టిగా నొక్కినవాళ్లు ఆ క్షణంలోనే జారిపోతారు. మలుపుకు చాలా ముందే తేలిగ్గా నొక్కి రిమ్ము తుడవండి, తర్వాత అసలు బ్రేకు వేయండి. డిస్కులకు ఈ ఆలస్యం తక్కువ, కానీ టైరు పట్టు మాత్రం రెండింటికీ ఒకటే. మలుపు మధ్యలో బ్రేకు వేయకండి, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోండి. పట్టాలను వీలైనంత అడ్డంగా, నిటారుగా దాటండి. నీళ్లు నిండిన గుంత లోతు తెలియదు కాబట్టి అన్ని గుంతలూ లోతైనవే అనుకోండి.

పక్కగాలిలో బిగుసుకుపోవడమే పెద్ద తప్పు. హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే ప్రతి విసురూ నేరుగా ముందు చక్రానికి చేరుతుంది. మోచేతులు వంచి, ఒళ్లు కిందికి దించి, పెడళ్లు ఆపకుండా తొక్కుతూ ఉండండి. రోడ్డు అంచుకు ఆనుకుని వెళ్లకండి, పక్కకు జరగడానికి మీటరైనా మిగుల్చుకోండి.

లారీలతో వచ్చే తంటా వేరు. వాహనాల వైపు నుంచి గాలి వీస్తుంటే మీరు తెలియకుండానే ఆ వైపు వాలి తొక్కుతుంటారు. లారీ పక్కకు రాగానే గాలి చటుక్కున ఆగిపోతుంది, ఆ వాలు వల్ల మీరు లారీ వైపే జరుగుతారు. అది దాటగానే గాలి మళ్లీ కొట్టి రోడ్డు బయటికి నెడుతుంది. వెనక పెద్ద బండి శబ్దం వినగానే వాలు తగ్గించి, వేగం తగ్గించి, ఈ రెండు కుదుపులకూ సిద్ధంగా ఉండండి. గాలి అటు పొలాల వైపు నుంచి, మిమ్మల్ని వాహనాల దారిలోకి నెట్టేలా వీస్తుంటే, రద్దీ రోడ్డు మీద తొక్కకండి. దీనికి నేర్పు ఏమీ లేదు. దిగి నడవండి, లేదా ఆగండి. పొడవాటి వంతెనలకూ అంతే.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే ముందువాళ్ల వెనక నక్కి తొక్కడం ఎదురుగాలిలో బాగా కలిసొస్తుంది. కానీ తడిలో ముందువాళ్ల చక్రానికీ మీకూ మధ్య దూరం రెట్టింపు చేయండి. విసురుగాలిలో ఆ ఆదా కూడా మర్చిపోయి, విడివిడిగా వెళ్లండి.

వానలో తినడం మానేస్తారు. ఆకలి లేక కాదు, తడి గ్లౌజులతో పొట్లం విప్పలేక. పొద్దునే పొట్లాల అంచులు కత్తిరించి, సులువుగా అందే సంచిలో పెట్టుకోండి. అరగంటకో అలారం పెట్టుకోండి. అది మోగితే రెండు ముద్దలు తినడం, నాలుగు గుక్కలు తాగడం. చలిలో దాహం తెలియదు, ఒంటికి మాత్రం నీళ్లు కావాలి.

7. పిడుగులు

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. 30 సెకన్లలోపు వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్లలోపే పడుతోంది, తొక్కడం ఆపాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ బయల్దేరాలి. నెత్తిన వాన లేదని ధీమా వద్దు, మేఘానికి చాలా దూరంలో, పొడి నేల మీద కూడా పిడుగులు పడతాయి.

రబ్బరు టైర్లు కాపాడతాయనేది కట్టుకథ. మైళ్ల దూరం గాలిని చీల్చుకుని వచ్చిన దానికి అంగుళం రబ్బరు అడ్డమా! కారులో ఉన్నవాళ్లను కాపాడేది కూడా టైర్లు కాదు, చుట్టూ ఉన్న లోహపు పెట్టె. అందుకే మూసిన భవనం, లేదంటే ఇనుప పైకప్పున్న కారు, బస్సు మాత్రమే నమ్మదగ్గవి. బస్ స్టాప్ రేకుల షెడ్డు వానను ఆపుతుంది, పిడుగును ఆపదు. ఒంటరి చెట్టు కింద, ఇనుప కంచె పక్కన, గట్టు మీద, నీటి ఒడ్డున నిలబడకండి. ఏ ఆశ్రయమూ లేకపోతే ఎత్తు ప్రాంతం దిగండి, సైకిల్‌ను వదిలి దూరంగా వెళ్లండి, గుంపుగా ఉంటే ఒకరికొకరు కనీసం 15, 20 మీటర్ల ఎడంలో ఉండండి. నేల మీద పడుకోకండి, పిడుగు కరెంటు నేల గుండా కూడా పాకుతుంది. ఇది క్షేమమైన స్థితి కాదు, ప్రమాదం కాస్త తగ్గించుకోవడం మాత్రమే. ఆగే చోట్ల గొలుసు ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా.

8. రోడ్డుకు అడ్డంగా నీళ్లు, తెగిన తీగలు

పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దమనిషి కాళ్లు లాగేయగలవు. అడుగు లోతు నీరు చిన్న కార్లనే కొట్టుకుపోయేలా చేస్తుంది. సంచులు తగిలించిన సైకిల్‌ను నీళ్లు ఇంకా సులువుగా పట్టుకుంటాయి. బురద నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనబడదు. ముందు వెళ్లిన ట్రాక్టర్ దాటింది కదా అని వెళ్లకండి, దాని బరువు వేరు. పారుతుంటే దాటొద్దు. నిలిచిన నీళ్లయితే, అడుగు కనిపిస్తుంటే, దిగి నడిపించుకుంటూ వెళ్లండి.

తెగిపడ్డ కరెంటు తీగ కనిపిస్తే కనీసం 10 మీటర్ల దూరంలో ఆగి వెనక్కి తిరగండి. అది నీళ్లలో పడి ఉంటే ఇంకా దూరం. నిప్పురవ్వలు రాకపోయినా కరెంటు ఉందనే లెక్క.

9. చలి: వెచ్చటి ప్రదేశాల్లో కూడా

చలి అంటే మంచు కొండలే గుర్తొస్తాయి. కానీ తడి, గాలి, అలసట కలిస్తే ఓ మోస్తరు వాతావరణంలో కూడా ఒంటి వేడి పడిపోతుంది. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే అది వైద్యపరంగా ప్రమాదమే. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి.

కొండ ఎక్కేటప్పుడు చలి తెలియదు, దిగేటప్పుడు చంపుతుంది. కాళ్లు పనిచేయవు, గాలి రెట్టింపవుతుంది. సైకిల్ పందేల చరిత్రలో దీనికి రెండు గట్టి సాక్ష్యాలున్నాయి. 1980లో బెల్జియంలోని లీజ్-బాస్టోన్-లీజ్ పందెం మంచులో జరిగితే, బయల్దేరిన 174 మందిలో చివరిదాకా వచ్చినవాళ్లు 21 మందే. గెలిచిన బెర్నార్ ఇనోకు రెండు వేళ్లు ఎప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. 1988 జూన్ 5న ఇటలీ గిరో పందెం మంచు తుఫానులో గావియా కనుమ దాటింది. అమెరికా సైక్లిస్టు ఆండీ హాంప్‌స్టెన్ జట్టు ముందే మంచు ఆటల దుస్తులు కొని పెట్టుకుంది. కనుమ పైభాగంలో వాటిని, వేడి టీని అందుకుని దిగిన అతను ఆ రోజు అగ్రస్థానం గులాబీ జెర్సీ తొడుక్కున్నాడు, చివరికి ఆ గిరోనే గెలిచాడు. మనకు పట్టాల్సింది గెలుపు సంగతి కాదు. పైన ఆగి, దిగకముందే బట్టలు వేసుకోవాలి. చలి మొదలయ్యాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. ఏమీ లేకపోతే జాకెట్టు లోపల ఛాతీకి నాలుగు పొరల పేపరు పెట్టుకోండి, పాతకాలం పందెగాళ్లు చేసింది అదే. పంక్చర్ అయినా, మూటగట్టిన పొడి జత తప్ప, ముందు ఉన్నవన్నీ ఒంటి మీద వేసుకుని, తర్వాతే టైరు విప్పండి.

ప్రతి ఆశ్రయం దగ్గర ఒక పరీక్ష చేసుకోండి. బొటనవేలిని అదే చేతి చిటికెనవేలికి తాకించండి. తాకకపోతే ఆ రోజు తొక్కడం అయిపోయింది. మాట ముద్దగా రావడం, చిన్న జిప్పు పెట్టుకోలేకపోవడం, కారణం లేకుండా చిరాకు, తూలడం, ఇవన్నీ ఒంటి వేడి పడిపోతోందనడానికి ఆనవాళ్లు. ఇవి మనకు తెలియవు, పక్కవాళ్లకు తెలుస్తాయి. అందుకే ఒకరినొకరు మాట్లాడించుకుంటూ ఉండాలి. తడి బట్టలు విప్పేసి, పొడి జత వేసుకుని, గాలి తగలని చోట తీపి కలిపిన వేడి పానీయం తాగాలి. మద్యం వద్దు, అది ఒంటి వేడిని ఇంకా బయటికి పంపుతుంది. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దొద్దు. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా అయిపోతే తేరుకున్నాడని మోసపోకండి. వెంటనే అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి, నోట్లో ఏమీ పోయకండి.

10. బండెక్కాలా, వద్దా

ప్రతి కిలోమీటరూ తొక్కితేనే యాత్ర అనేవాళ్లు ఉన్నారు. ఆ పట్టుదలను నేను వెక్కిరించను, నాలోనూ ఉంది. అలాంటివాళ్లకు దారి ఇది: ఎక్కడ ఆగారో ఆ చోటు ఫొటో తీసి, జీపీఎస్‌లో గుర్తుపెట్టుకోండి. బస్సెక్కి ఆశ్రయానికి వెళ్లండి. తుఫాను దాటాక అదే చోటికి తిరిగొచ్చి అక్కడినుంచి తొక్కండి. గీత ఎక్కడా తెగదు. తిరిగొచ్చే టైం లేకపోతే తెగుతుంది, తెగనివ్వండి. ఆ 40 కిలోమీటర్లు వచ్చే ఏడాదికి కూడా అక్కడే ఉంటాయి.

బ్రెవేల సంగతి, అంటే నిర్ణీత గడువులో పూర్తి చేయాల్సిన సుదూర సైకిల్ యాత్రల సంగతి, కాస్త వేరు. 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు గరిష్ఠ గడువు 90 గంటలు. 2007లో అది వానలోనూ ఎదురుగాలిలోనూ సాగింది, మధ్యలో మానుకున్నవాళ్లు మామూలు కంటే చాలా ఎక్కువ. అలాంటి చోట తొక్కే వేగం కంటే ఆగిన సమయమే గడువును తినేస్తుంది. కంట్రోల్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర ఏమేం చేయాలో వచ్చే దారిలోనే వరుసగా అనుకుని, ఆగగానే ఆ వరుసలో చేసేయండి. కానీ పిడుగు, పారే నీరు, చిటికెనవేలి పరీక్ష, ఈ మూడింటికి గడువు ఉన్నా లేకపోయినా నియమం ఒకటే.

11. ఆఖరి 10 కిలోమీటర్లు, ఆ రాత్రి

ఊరు కనిపించగానే మనసు ముందే చేరిపోతుంది. శరీరం ఇంకా రద్దీలో, ఇనుప మూతల మీద, తడి గీతల మీద ఉంటుంది. 10 కిలోమీటర్ల ముందు ఒకసారి కచ్చితంగా ఆగండి. ఏదైనా తినండి, బ్రేకులు నొక్కి చూడండి, లైట్ల మీది బురద తుడవండి, కళ్లద్దాలు తుడవండి. ఫోన్లు, ఫొటోలు చేరాకే.

చేరాక మొదట మీరు పొడిబట్టలు మార్చుకుని తినండి, సైకిల్ సంగతి తర్వాత. కానీ ఆ రాత్రికే కాస్త చూడాలి. నీళ్లు పోసి బురద కడగండి, హబ్బుల మీదికి గట్టి ధార కొట్టొద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. సీటు గొట్టం బయటికి తీసి సైకిల్‌ను తలకిందులు చేస్తే ఫ్రేములో చేరిన నీళ్లు కారిపోతాయి. ఎన్ని నీళ్లు వస్తాయో చూసి ఆశ్చర్యపోతారు. తీసేముందు ఎత్తు గుర్తుగా టేపు చుట్టుకోండి. చెయిన్ తుడిచి నూనె వేయకపోతే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పడుతుంది. తోలు సీటును హీటర్ పక్కన పెట్టకండి, నీడలో దానంతటదే ఆరాలి. బూట్లలో పేపరు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. టెంటు ఎంత అలసటగా ఉన్నా విప్పి ఎక్కడో ఒకచోట పరచండి. తడి మడతలో వదిలేస్తే ఇంటికెళ్లేసరికి బూజు పడుతుంది, ఆ వాసన ఇక వదలదు.